క్యాండీలో ఒక రోజు: కట్టడాలను చదవడం నేర్చుకుందాం



పొరుగున ఉన్న శ్రీలంక పేరు వినగానే మనలో చాలామందికి మొదట రామాయణం, తరువాత తేయాకు, ఆ తరువాత క్రికెట్ గుర్తుకు వస్తాయి. కతోలిక కుటుంబాలవారికి మడు మాత పుణ్యక్షేత్రం కూడా తలపుకు రావచ్చు. ఈ వారం పాఠంలో ఆ దేశంలోనే మరొక ఊరికి వెళ్లివద్దాం. కొండల నడుమ ఉన్న ఆ ఊరు క్యాండీ. అక్కడ ఒక్క రోజులో చూడదగిన అయిదు చోట్లను ఉదయం నుండి సాయంత్రం వరకు వరుసగా చూద్దాం. నిజంగా వెళ్లేవారికి ఇది దారి చూపుతుంది. వెళ్లలేనివారు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని ఇంట్లోనే చదువుకోవచ్చు.

కట్టడాన్ని చూడడం వేరు, చదవడం వేరు. ఏ ఊరు వెళ్లినా మనం గోపురం ముందు నిలబడి ఫొటో తీయించుకొని, "చాలా బాగుంది" అనుకుంటూ తిరిగి వచ్చేస్తాం. "ఎందుకు బాగుంది నాన్నా?" అని పిల్లవాడు అడిగితే జవాబు దొరకదు. అందుకని ఈ రోజంతా మూడు ప్రశ్నలను వెంట తీసుకువెళదాం. మొదటిది: ఈ కట్టడం ఇక్కడి ఎండకు, వానకు ఏమని జవాబు చెబుతున్నది? రెండవది: ఏ చేతులు దీనిని కూర్చాయి? మూడవది: ఇది ఇతరుల దగ్గర నుండి ఏమి తీసుకున్నది, తీసుకున్నదానిని ఎలా తనదిగా చేసుకున్నది?

బయలుదేరే ముందు

క్యాండీ కొలంబో నుండి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉన్నది. తీరప్రాంతాలను పోర్చుగీసువారు, వారి తరువాత డచ్చివారు పట్టుకున్నా కొండల్లోని ఈ రాజ్యం 1815 వరకు స్వతంత్రంగా నిలిచింది. అందువల్లనే ఇక్కడి కట్టుబడి పద్ధతి చెడకుండా మిగిలింది. 1988లో యునెస్కో ఈ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

ఉదయం పెందలాడే కారు గాని, ఆటో గాని మాట్లాడుకొని బయలుదేరండి. ముందు ఊరి వెలుపల, పడమటి దిక్కున ఉన్న మూడు పాత ఆలయాలను చూసి, మధ్యాహ్నానికి పట్టణంలోకి రావాలి. ఆ మూడూ ఒకదానికొకటి రెండు మూడు కిలోమీటర్ల ఎడంలో, పొలాల నడుమ ఉన్నాయి. చారిత్రక విషయాలు చెప్పగల గైడును ఒకరిని వెంట తీసుకువెళ్లడం మంచిది. గైడు చెప్పేది వినండి, మన మూడు ప్రశ్నలు కూడా ఆయనను అడగండి.

మర్యాద విషయం కూడా చెప్పుకోవాలి. ఇవి ఈనాటికీ పూజలు జరిగే స్థలాలు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. చెప్పులు, టోపీలు తీసి లోపలికి వెళ్లండి. బుద్ధుని విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడివారికి అవమానం. మన దేవాలయంలో దివ్యసత్ప్రసాదపు మందసం ముందు అన్యమతస్థుడు ఎలా నిలబడాలని మనం కోరుకుంటామో, అక్కడ మనం అలాగే నిలబడాలి.

మొదటి మజిలీ: గడలాదెనియ, రాతి పాఠం

క్యాండీ కంటే ముందు ఈ ప్రాంతానికి గంపొల రాజధానిగా ఉండేది. ఆ కాలంలో, 1344లో, ఒక పెద్ద బండ మీద గడలాదెనియ విహారాన్ని కట్టారు. దూరం నుండి చూడగానే మన దక్షిణాది గుడి చూసినట్లే ఉంటుంది. రాతి స్తంభాలు, వాటి మీద శిల్పాలు, పైన రాతి కప్పు, ఆపైన శిఖరం. ఎందుకంటే దీనిని కట్టిన స్థపతి పేరు గణేశ్వరాచారి. ఆయన దక్షిణ భారతదేశపు శిల్పి. బౌద్ధులు బుద్ధునికి గుడి కట్టించుకోదలచి సముద్రం ఇవతలి నుండి శిల్పిని పిలిపించుకున్నారు. ఆయన తనకు వచ్చిన ద్రావిడ పద్ధతిలోనే కట్టాడు. బుద్ధుని గర్భగుడిని ఆనుకొని విష్ణువుకు కూడా ఒక గుడి ఉన్నది.

ఇక్కడ మూడవ ప్రశ్నకు మొదటి జవాబు దొరుకుతుంది. శిల్పం పొరుగువారిది, భక్తి స్థానికులది. అయితే మొదటి ప్రశ్న కూడా అడగాలి. వాన సంగతి ఏమిటి? అదే ఆవరణలో ఉన్న చిన్న స్తూపాన్ని చూడండి. దాని నాలుగు దిక్కులా నాలుగు చిన్న గదులు, అన్నిటి మీదా గొడుగు పట్టినట్లు పెంకుల కప్పు. స్తూపానికి కప్పు వేయడం మనకు వింతగా తోచవచ్చు. ఈ కొండల్లో వాన సంవత్సరంలో చాలా నెలలు పడుతుంది. కప్పు ఎందుకో అక్కడి వానే చెబుతుంది.

రెండవ మజిలీ: లంకాతిలక, ఇటుక పాఠం

అదే 1344లో, అదే రాజు నాలుగవ భువనేకబాహు కాలంలో, మంత్రి సేనాలంకాధికార కట్టించినది లంకాతిలక విహారం. ఎత్తైన బండ మీద, తెల్లని గోడలతో, చుట్టూ లోయలు కనిపించేలా నిలిచి ఉంటుంది. బండలో తొలిచిన మెట్లు ఎక్కి వెళ్లాలి. ముసలివారు నెమ్మదిగా ఎక్కాలి.

దీని స్థపతి పేరు స్థపతి రాయర్. ఈయన కూడా దక్షిణాది నుండి వచ్చినవాడే. కాని ఈయన రాతికి బదులు ఇటుక, సున్నం వాడాడు. తూర్పు ముఖంగా బుద్ధుని మందిరం, వెనుకవైపు దేవతల మందిరాలు ఉన్నాయి. ఆ దేవతలలో వినాయకుడు, కుమారస్వామితోపాటు విభీషణుడు కూడా ఉన్నాడని తెలిస్తే మన పిల్లలు ఆశ్చర్యపోతారు. మన కథల్లో విభీషణుడు రాముని శరణు వేడిన వాడు. అక్కడి ప్రజలకు ఆయన తమ దీవిని కాచే దేవతలలో ఒకడు.

అక్కడి బండ మీద చెక్కిన శాసనాన్ని తప్పక చూపించమని గైడును అడగండి. ఆ దానశాసనం సింహళ భాషలోను, తమిళంలోను ఉన్నది. సుమారు ఏడు వందల ఏళ్ల నాడు ఒకే గుడి గురించి ఒకే బండ మీద రెండు భాషలలో రాయించారు. 1983 నుండి 2009 వరకు అదే దేశంలో ఆ రెండు భాషలవారి మధ్య సాగిన యుద్ధాన్ని తలచుకుంటే ఆ బండ ముందు ఎవరికైనా మాట పెగలదు.

ఇప్పుడు తల ఎత్తి కప్పు చూడండి. గోడలు ఇటుకవి, కప్పు మాత్రం కర్ర వాసాల మీద పరచిన పెంకులది. గోడ పనితనం పొరుగు నుండి వచ్చినా, పైకప్పు ఆ ఊరి వానకు తగినట్లు మారింది.

మూడవ మజిలీ: ఎంబెక్కె, కర్ర పాఠం

ఎంబెక్కె దేవాలయం కుమారస్వామిది. అక్కడివారు ఆయనను కతరగామ దేవుడంటారు. దీనిని గంపొల రాజు మూడవ విక్రమబాహు 14వ శతాబ్దంలో కట్టించాడు. ఇక్కడ చూడవలసినది గర్భగుడి కాదు, దాని ముందున్న వాద్యమండపం. డప్పులవారు నిలబడి వాయించే చోటు అది. గోడలు లేవు. స్తంభాలు, కప్పు మాత్రమే.

ప్రతి స్తంభం నాలుగు పలకల కర్ర. ప్రతి పలక మీద ఒక బొమ్మ. మెడలు పెనవేసుకున్న హంసలు, రెండు తలల గండభేరుండ పక్షి, కుస్తీ పట్టే మల్లులు, నాట్యమాడే స్త్రీ, గుర్రం మీది సైనికుడు, బిడ్డకు పాలిచ్చే తల్లి. రాజులూ దేవతలే కాదు, ఊరి మనుషులూ ఆ కర్రలో ఉన్నారు. స్తంభం పై కొసన విచ్చుకున్న తామరపూవులా చెక్కిన బోదెలు దూలాన్ని మోస్తాయి.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మన పెద్దలు చెబుతారు. ఇక్కడ మాత్రం లెక్కపెట్టండి. మండపం ఒక కొసన కప్పులోని 26 వాసాలు విసనకర్ర పుల్లల్లా ఒకచోటికి వచ్చి కలుస్తాయి. వాటన్నిటినీ కలిపి పట్టుకొని ఉన్నది ఒక్కటే కొయ్య చీల. ఇనుప మేకు లేదు. ఆ చీలను అక్కడివారు మడోల్ కురుపావ అంటారు. ఒక్క వాసం కూడా తక్కినవాటిని వదలి తనంతట తాను నిలబడలేదు. చీల కూడా వాసాలు లేకుండా ఏమీ మోయలేదు. మన రెండవ ప్రశ్నకు, అంటే ఏ చేతులు కూర్చాయన్న ప్రశ్నకు, ఇంతకంటే మంచి జవాబు ఎక్కడా దొరకదు. పిల్లలను ఆ మూల కింద నిలబెట్టి చూపించండి. వారు పెద్దయ్యాక కూడా మరచిపోరు.

నాలుగవ మజిలీ: రాజప్రాసాదం, దంత దేవాలయం

మధ్యాహ్న భోజనం తరువాత పట్టణంలోకి వచ్చి చెరువు గట్టున నిలబడండి. ఈ చెరువును 19వ శతాబ్దం మొదటి దశకంలో చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు తవ్వించాడు. ఒడ్డునే రాజప్రాసాదపు ఆవరణ, అందులో బుద్ధుని దంతాన్ని భద్రపరచిన దళద మాళిగావ ఉన్నాయి.

ఇక్కడ తెలుగువారికి ఒక ప్రత్యేకమైన సంగతి ఉన్నది. 1739లో సింహళ రాజు వీర నరేంద్రసింహుడు వారసుడు లేకుండా మరణించాడు. అప్పుడు ఆయన రాణి సోదరుడు సింహాసనం ఎక్కాడు. ఆ రాణి మదురై నాయకుల బంధువర్గానికి చెందినది. మదురై నాయకులు విజయనగరం పంపగా అరవదేశం వెళ్లి పాలించిన తెలుగు మూలాల వంశం. ఆ విధంగా 1739 నుండి 1815 వరకు నలుగురు నాయక వంశీయులు క్యాండీని పాలించారు. వారు వచ్చిన చోటు వేరు, మతం వేరు. అయినా ప్రజల విహారాలను పోషించారు. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు సయాం దేశం నుండి భిక్షువులను రప్పించి బౌద్ధసంఘాన్ని 1753లో పునరుద్ధరింపజేశాడు. చివరివాడైన శ్రీ విక్రమ రాజసింహుణ్ణి బ్రిటిషువారు పట్టుకొని మన వేలూరు కోటకు పంపారు. 1832లో ఆయన అక్కడే మరణించాడు.

చెరువు వైపున ఎనిమిది పలకల మేడ కనిపిస్తుంది. దానిని శ్రీ విక్రమ రాజసింహుడు కట్టించగా, దేవేంద్ర మూలాచారి అనే శిల్పి రూపొందించాడు. ముందున్న తెల్లగోడ పైభాగం అలలు అలలుగా, మబ్బుల వరుసలా ఉంటుంది. గోడలోని చిన్న గూళ్లు దీపాలు పెట్టడానికి. పండుగ రాత్రి ఆ దీపాలన్నీ వెలిగితే గోడ బరువే తెలియదు.

పక్కనే సభామండపం ఉన్నది. దీనిని 1780లలో రాజాధి రాజసింహుడు మొదలుపెట్టాడు. ఎంబెక్కెలో చూసినదే ఇక్కడ పెద్దదిగా కనిపిస్తుంది. గోడలు లేని కర్ర స్తంభాల శాల. రాజ్యాన్ని బ్రిటిషువారికి అప్పగించిన ఒప్పందం మీద 1815 మార్చి 2న సంతకాలు జరిగినది ఇక్కడనే.

ఇప్పుడు కప్పును బాగా గమనించండి. అందులో రెండు వాలులు ఉన్నాయి. పైభాగం నిటారుగా, కిందిభాగం కొంచెం పడుకున్నట్లుగా ఉంటుంది. జడివాన పడినప్పుడు నిటారు వాలు మీద నీరు నిలవదు. కింది వాలు చూరును దూరంగా చాచి, నీటిని స్తంభాలకు తగలకుండా అవతల పారబోస్తుంది. ఎండ వేళ అదే చూరు నీడనిస్తుంది. మన పెంకుటిళ్ల వసారాలో కూర్చున్నవారికి ఈ హాయి కొత్తది కాదు. ఆ ప్రాంతపు వానే ఆ కప్పును నేర్పిన మేస్త్రి.

ఈ ఆవరణకు గాయం కూడా తగిలింది. 1998 జనవరి 25న తమిళ పులులు లారీలో తెచ్చిన బాంబు దంత దేవాలయం ఎదుట పేలింది. మనుషులు చనిపోయారు. ముందుభాగం, శిల్పాలు, కప్పు దెబ్బతిన్నాయి. ఆ తరువాత శిల్పులు, వడ్రంగులు పాత పద్ధతిలోనే మళ్లీ నిలబెట్టారు. 2019 ఏప్రిల్ 21న, ఈస్టరు పండుగనాడు, కొలంబోలోని కొచ్చికడె పునీత అంతోని దేవాలయంలో జరిగిన ఘోరం మన కతోలికులు మరచిపోలేనిది. ఆ దేవాలయాన్ని కూడా కొద్దివారాలలోనే బాగుచేసి తెరిచారు. బాగుచేసినవారు ఆ దేశపు నౌకాదళంవారు. పగలగొట్టడానికి ఒక్క క్షణం చాలు. నిలబెట్టడానికి ఎన్నో చేతులు కావాలి.

అయిదవ మజిలీ: ట్రినిటీ కళాశాల ప్రార్థనాలయం

సాయంత్రం చివరిగా ఒక క్రైస్తవ దేవాలయం చూద్దాం. ఇది మన ఆంగ్లికన్ సహోదరులది. 1872లో మొదలైన ట్రినిటీ కళాశాల ఆవరణలో ఉన్నది. పాఠశాల కనుక గేటు దగ్గర అనుమతి అడిగి వెళ్లాలి.

లోపలికి వెళ్లగానే పొద్దుటి నుండి చూసినవన్నీ ఒకచోట కలుస్తాయి. గోడలు లేని శాల, రెండు వాలుల పెంకుల కప్పు, చెక్కిన రాతి స్తంభాలు, వాటి పైన తామర బోదెలు. మధ్యాహ్నం చూసిన సభామండపమే ఇప్పుడు బలిపీఠానికి నీడ అయింది. 1923లో దీనికి శంకుస్థాపన జరిగింది, 1935లో ప్రతిష్ఠ జరిగింది. నమూనా గీసినవారు ఆ కళాశాలలోనే పనిచేసిన గాస్టర్ అనే పాదిరిగారు. ఇంగ్లండు నుండి వచ్చినవారు ఇంగ్లండు గోపురాన్ని ఇక్కడ దింపాలని చూడలేదు. ఊరి శిల్పుల చేతికే పని అప్పగించారు. గోడచిత్రాలు వేసిన డేవిడ్ పెయింటర్ శ్రీలంకవాడే. క్రీస్తునాథుడు శిష్యుల పాదాలు కడగడం, మంచి సమరీయుని కథ, సిలువమరణం ఆ చిత్రాలలో ఉన్నాయి. సిలువ మీది ప్రభువుకు గడ్డం లేదు. చుట్టూ ఉన్న ప్రకృతి లంకదే. ఆ ఊరి పిల్లవాడు చూస్తే తన ఊరిలోనే ప్రభువు బాధపడినట్లు తోస్తుంది.

ఈ ఆలోచన తిరుసభకు కొత్తది కాదు. రెండవ వాటికన్ మహాసభ 1963లో వెలువరించిన పవిత్రార్చన శాసనంలో, ఏ ఒక్క కళాశైలినీ తిరుసభ తనదిగా పట్టుకొని కూర్చోలేదని, ఆయా జాతుల స్వభావానికి తగిన శైలులను స్వీకరించిందని బోధించింది. ఇదే క్యాండీలో అంతకు చాలాముందు పునీత జోసఫ్ వాజ్ గారు దానిని బ్రతికి చూపారు. గోవాలో 1651లో పుట్టిన ఈ గురువు, డచ్చివారు కతోలికులను హింసిస్తున్న రోజుల్లో, 1687లో బిచ్చగాని వేషంలో లంకలో అడుగుపెట్టారు. 1692లో క్యాండీ చేరగానే గూఢచారి అని అనుమానించి బంధించారు. బందీగా ఉండగానే ఒక పాకను గుడిగా చేసుకొని దివ్యబలిపూజ అర్పించారు. తరువాత బౌద్ధరాజు ఆయనకు స్వేచ్ఛనిచ్చి ఆదరించాడు. 1711 జనవరి 16న ఆయన క్యాండీలోనే కన్నుమూశారు. 2015 జనవరి 14న కొలంబోలో ఫ్రాన్సిస్ జగద్గురువులు ఆయనను పునీతునిగా ప్రకటించారు. ఈ పట్టణంలో ఆయన మొదటి దేవాలయం గడ్డి కప్పిన పాక.

ఇంటికి తిరిగి వచ్చాక

ఇప్పుడు ఆ మూడు ప్రశ్నలను మన దేవాలయం దగ్గరకు తీసుకువద్దాం. మన విచారణలలో పాత పెంకుల గుడిని పడగొట్టి కాంక్రీటు గుడి కట్టుకోవడం తరచు జరుగుతూనే ఉన్నది. కారణాలు లేకపోలేదు. జనం పెరిగారు, వాసాలకు చెదలు పట్టింది, వానకు కారుతున్నది. అవసరమైతే కట్టుకోవలసిందే. అయితే పడగొట్టే ముందు ఆ గుడిని ఒక్కసారైనా చదివామా?

వేసవిలో ఆ పాత గుడి ఎందుకు చల్లగా ఉంటుంది? చూరు అంత కిందికి ఎందుకు దించారు? కిటికీలు ఏ గాలికి ఎదురుగా పెట్టారు? ఆ దూలాలు ఎవరి బండి మీద వచ్చాయి, సున్నం ఎవరు నూరారు, వాసాలు ఎవరు ఎక్కించారు? ఈ సంగతులు తెలిసిన తాతలు, అమ్మమ్మలు ఇంకా మీ ఊరిలో ఉంటే ఈ ఆదివారమే అడిగి రాసిపెట్టుకోండి. వారు పోయాక గుడి నిలిచి ఉన్నా దానిని చదివి చెప్పేవారు ఉండరు.

కొత్తది కట్టక తప్పకపోతే, కూల్చే ముందు కొలతలు తీసుకోండి, అన్ని వైపుల నుండి ఫొటోలు తీయించండి. పాత తలుపు, బలిపీఠపు రాయి, చెక్కిన స్తంభం వంటివి కొత్త గుడిలో ఎక్కడైనా నిలపమని మీ విచారణ గురువులను కోరండి. బాగుచేస్తే నిలిచే గుడి అయితే, పాతపని తెలిసిన వడ్రంగిని, ఇంజనీరును పిలిపించి చూపించిన తరువాతే నిర్ణయం తీసుకోండి. కొత్త గుడికి కూడా ఎక్కడో చూసిన విదేశీ నమూనాను దింపుకోకుండా, మన ఎండను, మన వానను, మన చేతిపనివారిని ముందు తలచుకుంటే బాగుంటుంది.

ఎంబెక్కెలోని ఆ 26 వాసాలను మరొకసారి తలచుకోండి. విచారణ కూడా అలాంటి కూర్పే. గుడిని కట్టినా, కాపాడినా, అందరి చేతులూ కలిస్తేనే అది నిలుస్తుంది.

కుటుంబంలో కలిసి ఆలోచించండి

1. మీ ఇంటి కప్పు, మీ గుడి కప్పు వానకు, ఎండకు ఏమని జవాబు చెబుతున్నాయి? పిల్లలతో బొమ్మ గీయించండి.

2. మీ దేవాలయంలో మన ప్రాంతపు శిల్పం, ముగ్గు, పూవు, దీపం ఎక్కడైనా కనిపిస్తున్నాయా? ఎక్కడ?

3. మీ గుడి కట్టినవారిలో ఇద్దరి పేర్లు చెప్పగలరా? చెప్పలేకపోతే ఎవరిని అడగాలి?

4. ఇతర మతస్థుల ఆలయానికి వెళ్లినప్పుడు మనం పాటించవలసిన మర్యాదలు ఏవి?